పుర్రచేతి అల్లిక

ఒడ్డున హోటల్ మూసేశారు.
వేలంలో ఎవరూ పాడని నాలుగు ఆరుబయటి కుర్చీలు
నా షెడ్డు ముందు దించి
"అప్పట్లో ఎలా ఉండేవో అలాగే కావాలి, నిబియా"
అనేసి వెళ్ళాడు ఎలిసెయో.

అప్పట్లో అంటే యాభై ఏడు.
అప్పటికి నేనింకా పుట్టలేదు.

చిటికెనవేలంత ఇనుప చువ్వ.
ఒకటే చువ్వ
కాలై, మోచేతికి ఆసరా అయి, వీపై,
మళ్ళీ కాలై నేలకి దిగుతుంది.
కొంగకాళ్ళ మీద గంప నిలబెట్టినట్టు ఉంటుంది చూడ్డానికి.
అతుకు దగ్గర కందిగింజంత వెల్డింగు బొడిపె.
తుప్పు గీకితే పసుపు రంగు, దానికింద తెలుపు,
దానికింద ఆకుపచ్చ:
ముగ్గురు యజమానులు, ముగ్గురి అభిరుచులు.

మా అట్లాంటిదాలో నదికి అవతలి ఒడ్డు కనిపించదు.
సముద్రమందామంటే నీళ్ళు మట్టిరంగు,
నదందామంటే పెదాల మీద ఉప్పు.
ఆ ఉప్పే ఇనుమునీ తింది, పేమునీ తింది,
వీటిమీద కూచుని ఎండ కాగిన వీపుల్ని మాత్రం
కాస్త ఎర్రజేసి వదిలేసింది.

పేము ఈ గడ్డమీద పెరగదు.
ఎక్కడో వానల అడవుల్లో
చెట్లని పట్టుకు పాకే ముళ్ళతీగ.
ఒలిచి, చీల్చి, చుట్టలు చుట్టి ఓడెక్కించేవాళ్ళు.
ఇప్పుడు నాకు అట్టపెట్టెలో పోస్టులో వస్తుంది.
బకెట్టులో నానేస్తే
రాత్రికి షెడ్డంతా
నేనెన్నడూ చూడని చోటి వాసన.

సరే, పాత అల్లిక విప్పడం మొదలుపెట్టాను.
మాతే తాగడం కూడా మర్చిపోయాను.
ముప్పై ఏళ్ళ అలవాటున్న చేతులు తడబడ్డాయి.
కుడినుంచి రావాల్సిన పట్టీ ఎడమనుంచి వస్తోంది,
కిందికి దూరాల్సింది పైకి లేస్తోంది.
తప్పనుకున్నాను.
తప్పయితే ఒకచోట ఉంటుంది,
నాలుగు కుర్చీల్లోనూ ఇంత నిబ్బరంగా ఉండదు.
అద్దంలో నా చెయ్యి
నాకంటే ముందే పని ముగించి వెళ్ళిపోయినట్టుంది.

ఆ హోటల్లో బట్టలుతికిన దెల్మీరాని అడిగాను. తొంభై ఒకటి ఆమెకి.
"పాందోలో చిన్న కార్ఖానా. ఇనుము మగాళ్ళు వంచేవాళ్ళు,
అల్లేది ఒక్కతే.
పేరా? పేరెవరికి గుర్తు, 'పుర్రచెయ్యి' అనేవాళ్ళం.
బళ్ళో ఆ చేతిని బెంచీకి కట్టేసేవాళ్ళట.
ముడి విప్పుకుందంటే బెత్తం."
ఒక్క క్షణం ఆగి
"ముడులు విప్పడం అక్కడే నేర్చుకున్నానని నవ్వేది" అంది.

బెత్తం.
ఇంటికొచ్చి బకెట్టులో చెయ్యి పెట్టాను.
నాని మెత్తబడి,
ఎటు వంచితే అటు వంగుతూ
నా వేళ్ళ చుట్టూ చుట్టుకుంది అదే.

మూడు కుర్చీలు నా తీరునే అల్లాను, నాలుగేసి రోజులు.
నాలుగోదానికి కుడిచేతిని జేబులో పెట్టుకున్నాను.
పదకొండు రోజులు పట్టింది.
మొదటి రోజు చిన్నపిల్లలా ఏడుపొచ్చింది,
పట్టీ తెగింది, గోరు చీలింది.
ఆరోరోజు పాంపేరో గాలి షెడ్డు రేకుని ఎత్తి కొడుతుంటే
చెయ్యి తనంతట తాను
కిందనుంచి పైకి లేచింది.
చూస్తూ ఉండిపోయాను.

ఎలిసెయో వచ్చాడు.
నాలుగింటిలోనూ ఒక్కో నిమిషం కూచున్నాడు,
చివరిదాంట్లో కాస్త కదిలి చూశాడు.
"ఇది కిర్రుమంటోంది."

"అవును" అన్నాను డబ్బు లెక్కపెట్టుకుంటూ,
"అప్పట్లో అలాగే ఉండేది."